టెలిఫోటో లెన్సు: కాలర్ తిప్పలు

పొడవాటి లెన్సుతో కెమెరాను ట్రైపాడ్‌పై పెడితే బరువంతా ముందుకు వాలి, మౌంటు మీద భారం పడుతుంది. అందుకే లెన్సుకే పట్టీలా కాలర్ ఉంటుంది. చిక్కేమిటంటే, ఒక్కోసారి ఆ కాలరే ఊగుతుంది!

2000లో వచ్చిన నికాన్ 300 ఎం.ఎం. ఎఫ్/4 లెన్సు అద్దాలు మేలైనవే, కానీ 1.44 కిలోల బరువుకు కాలర్ బలం చాలలేదు. సెకనులో పదిహేనో వంతు వంటి నిదానపు షట్టర్ వేగాల్లో, కెమెరాలో అద్దం లేచిన అదురుకే ఫొటో మసకబారేది. కిర్క్ సంస్థ దానికి గట్టి కాలర్ తయారుచేసి విడిగా అమ్మింది. కానన్ 70-200 ఎఫ్/4 తోనైతే కాలర్ ఇచ్చేవారే కాదు, వేరే కొనుక్కోవాల్సిందే.

పాత లెన్సు కొనేముందు ట్రైపాడ్‌కి బిగించి, లైవ్ వ్యూలో బొమ్మను పెద్దది చేసి, లెన్సును వేలితో తట్టండి. ఊగులాట వెంటనే ఆగకపోతే కాలర్ ఖర్చు కూడా కలుపుకొని బేరమాడండి.