అనంత స్పర్శరేఖ: ఒక మాట చరిత్ర

గత భాగంలో అకరణీయ ప్రమేయాల గ్రాఫులు గీయడం నేర్చుకున్నారు. గ్రాఫు ఇచ్చి అంతరఖండాలను, అనంత స్పర్శరేఖలను గుర్తించమన్నప్పుడు, వరంగల్‌లో నేను దిద్దిన డిగ్రీ జవాబు పత్రాల్లో ఒక వాక్యం తరచుగా కనిపించేది: "వక్రం ఈ రేఖను ఖండిస్తోంది కాబట్టి ఇది అనంత స్పర్శరేఖ కాదు." ఈ వాక్యం తప్పు. ఈ తప్పు మూలం గణిత చరిత్రలోనే ఉంది.

క్రీ.పూ. 3వ శతాబ్దానికి చెందిన గ్రీకు గణితవేత్త అపోలోనియస్ శాంకవాలపై ఎనిమిది సంపుటాల గ్రంథం రాశాడు. అతిపరావలయానికి రెండు సరళరేఖలు ఎప్పటికీ దగ్గరవుతూనే ఉంటాయని, కాని దాన్ని కలవవని రెండో సంపుటంలో చూపాడు. వాటి గ్రీకు పేరు 'అసింప్టోటోస్'కు అర్థం 'కలవనిది'. అతిపరావలయానికి ఆ పేరు సరిగ్గా సరిపోతుంది.

1637లో డెకార్ట్ 'జ్యామితి' వెలువడ్డాక వక్రాలను సమీకరణాలతో అధ్యయనం చేయడం బలపడింది. న్యూటన్ మూడో పరిమాణ వక్రాలను 72 రకాలుగా వర్గీకరించి, 1704లో తన 'ఆప్టిక్స్' గ్రంథానికి అనుబంధంగా ప్రచురించాడు. ఆయన పరిశీలించిన సర్పాకార వక్రానికి ఒక సరళ రూపం ఇది:

వై = ఎక్స్ / (ఎక్స్² + 1)

ఎక్స్ విలువ ఎంత పెరిగితే వై విలువ సున్నాకు అంత దగ్గరవుతుంది. కనుక ఎక్స్-అక్షమే దీని అనంత స్పర్శరేఖ. అయినా ఎక్స్ = 0 వద్ద వక్రం అదే అక్షాన్ని ఖండిస్తుంది. క్షితిజ సమాంతర అనంత స్పర్శరేఖ చాలా దూరాన జరిగేదాన్ని మాత్రమే చెబుతుంది. దగ్గరలో వక్రం దాన్ని దాటవచ్చు.

నిలువు రేఖల సంగతి వేరు. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో రాసిన 'బీజగణితం'లో సున్నా హారంగా గల రాశిని 'ఖహరం' అని, అది అనంతమని అన్నాడు. నేడు మనం ఆ బిందువు వద్ద ప్రమేయం నిర్వచితం కాదంటాం. ఉమ్మడి కారణాంకాలను కొట్టివేశాక కూడా హారం ఎక్కడ సున్నా అవుతుందో, అక్కడ నిలువు అనంత స్పర్శరేఖ ఉంటుంది. అక్కడ వక్రానికి బిందువే లేదు. కనుక వక్రం దాన్ని ఎన్నడూ ఖండించదు.

ఇక తెలుగు మాట. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. నిజాం పాలనలోని వరంగల్ విద్యార్థి అక్కడ చేరితే ఉన్నత గణితాన్ని మాతృభాషలో చదివే వీలు లేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. నర్సంపేట సమీపంలోని లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు దాని తొలి అధ్యక్షుడు. అకాడమి పాఠ్యపుస్తకాలతో కళాశాల గణితం తెలుగులో అందుబాటులోకి వచ్చింది. అందులో మనకు దొరికిన మాట 'అనంత స్పర్శరేఖ', అంటే అనంతంలో స్పర్శించే రేఖ. మధ్యలో కలవకూడదని ఈ పేరు చెప్పదు. గ్రీకు పేరు కంటే ఇదే నేటి భావనకు దగ్గర. మాటను విడదీసి చదివితే పై తప్పు జరగదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

వై = (ఎక్స్² − 4) / (ఎక్స్² − 4ఎక్స్) గ్రాఫు గీసి, అంతరఖండాలను, అనంత స్పర్శరేఖలను గుర్తించండి. వక్రం ఏ రేఖను, ఎక్కడ ఖండిస్తుంది?

జవాబు: ఎక్స్-అంతరఖండాలు 2, −2. ఎక్స్ = 0 వద్ద హారం సున్నా కనుక వై-అంతరఖండం లేదు. అనంత స్పర్శరేఖలు ఎక్స్ = 0, ఎక్స్ = 4, వై = 1. వక్రం వై = 1 రేఖను (1, 1) వద్ద ఖండిస్తుంది.