కవల కార్ల కథ

అమెరికా వచ్చిన ప్రతి తెలుగువాడి సంసారంలోనూ రెండో కారు ఘట్టం ఒకటి ఉంటుంది. మొదటి కారుకి పెద్ద చరిత్ర ఉండదు. వచ్చిన రెండోవారంలో రూమ్మేట్లు పట్టుకెళ్ళి ఒక కామ్రీనో అకార్డునో అంటగడతారు, అంతే. రెండోది అలా కాదు. పెళ్ళయి, ఆవిడ వచ్చి, ఒక ఏడాది అపార్ట్‌మెంటు గోడలు చూస్తూ గడిపాక, ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఆ ఘట్టం మొదలవుతుంది.

మా ఇంట్లో అది 2003లో మొదలైంది. ఊరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. "ఏమండీ, పాలపాకెట్టు అయిపోయినా మీరొచ్చేదాకా కూర్చోవాల్సిందేనా?" అంది మా ఆవిడ. హెచ్4 వీసా మీద అప్పట్లో ఉద్యోగం చెయ్యకూడదు, నిజమే. లైబ్రరీకి వెళ్ళకూడదని మాత్రం ఎక్కడా రాసిలేదు కదా! డాట్‌కామ్ బుడగ పేలాక నేను నాలుగు నెలలు బెంచి మీద కూర్చుని అప్పుడప్పుడే లేచాను. చేతిలో రెండున్నర వేల డాలర్లున్నాయి. ఏడెనిమిదేళ్ళ పాత కరోలాలు చూస్తే నాలుగు వేల కింద మాట్లాడేవాడు లేడు.

అలాంటప్పుడు కిరాణా కొట్టు నోటీసు బోర్డు మీద ఒక చీటీ కనిపించింది: 1996 జియో ప్రిజ్మ్, 2,200 డాలర్లు. మిత్రుడికి ఫోన్ చేశాను. "జియోనా? అది చెవీ వాళ్ళ చవక సరుకు గురూ! అమెరికా చిన్నకారు కొని సుఖపడ్డవాణ్ణి చూశావా?" అన్నాడు. నాకూ అదే అనుమానం. అయినా ఇంటికి దగ్గరే కదా అని వెళ్ళాను.

అమ్మే పెద్దాయన మాటల్లో పడకుండా నేరుగా హుడ్ ఎత్తాడు. ఇంజను మీద టొయోటా అని పోతపోసి ఉంది. నేను బిత్తరపోయి చూస్తుంటే నవ్వి, చేత్తో దక్షిణం వైపు చూపించాడు. "ఈ కారు పుట్టింది ఇక్కడికి ఐదు మైళ్ళలో. నేను పనిచేసింది అక్కడే. కరోలా, ప్రిజ్మ్ ఒకే లైను మీద వచ్చేవి. చక్రాలు బిగించేటప్పుడు ఏది ఏదని చూసేవాణ్ణి కాదు" అన్నాడు.

ఆ కార్ఖానా పేరు నూమీ. న్యూ యునైటెడ్ మోటార్ మాన్యుఫాక్చరింగ్ అనే పొడుగాటి పేరుకి పొట్టి రూపం. రోజూ 880 హైవే మీద దాని పక్కనుంచే ఆఫీసుకి వెళ్తూ కూడా ఏనాడూ అదేమిటని అడగలేదు నేను. కారు కొన్నాక దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

కథ 1973 చమురు సంక్షోభం దగ్గర మొదలవుతుంది. పెట్రోలు కోసం బారులు తీరిన అమెరికావాడు అప్పుడే చిన్నకారు వైపు గట్టిగా చూశాడు. చిన్నకారు చెయ్యడం జపాను వాళ్ళకి అబ్బినట్టు డెట్రాయిట్ వాళ్ళకి అబ్బలేదు. దిగుమతులు పెరిగాయి, ఇక్కడ కార్ఖానాలు మూతబడ్డాయి, రాజకీయం వేడెక్కింది. 1981లో జపాను తన కార్ల ఎగుమతికి తానే ఒక పరిమితి పెట్టుకోడానికి ఒప్పుకుంది. ఒప్పుకుంది అనడం మర్యాద, ఒప్పించారు అనడం నిజం. ఇక పరిమితి దాటి అమ్మాలంటే ఇక్కడే తయారు చెయ్యాలి. అమెరికా కార్మికులతో తమ పద్ధతి నడుస్తుందా అని టొయోటాకి భయం. మంచి చిన్నకారు ఎలా చెయ్యాలో నేర్చుకోవాలని జనరల్ మోటార్స్‌కి అవసరం. 1983 ఫిబ్రవరిలో ఇద్దరూ సగం సగం వాటాకి చేతులు కలిపారు. క్రైస్లర్ అధిపతి లీ అయకోకా గగ్గోలు పెట్టినా పని ఆగలేదు.

అదే ఏడాది డిసెంబరులో మన గుర్గావ్‌లో మొదటి మారుతి 800 బయటికొచ్చింది. అక్కడ సుజుకీ, ఇక్కడ టొయోటా. మన మారుతి ఉద్యోగులూ పని నేర్చుకోడానికి జపాను వెళ్ళారు, ఫ్రీమాంట్ కార్మికులూ వెళ్ళారు. రెండు దేశాలు ఒకే గురువు దగ్గర ఒకేసారి ఓనమాలు దిద్దాయన్నమాట!

ఇద్దరూ ఎంచుకున్నది 1982లో జీఎం మూసేసిన ఫ్రీమాంట్ కార్ఖానా. ఆ పేరు చెబితే జీఎంలోనే తలలు పట్టుకునేవారు. రోజూ ఐదోవంతు మంది పనికి రారు, వచ్చినవాళ్ళు యాజమాన్యంతో కొట్లాట, పనిలో తాగుడు, చేసిన కార్లలో లోపాలు. అలాంటి చోట మళ్ళీ పని మొదలుపెడుతూ, కార్మికసంఘంతో ఒప్పందం ప్రకారం, ఎక్కువగా ఆ పాతవాళ్ళనే చేర్చుకున్నారు. వాళ్ళలో వందలమందిని జపాను పంపి టొయోటా లైను మీద పక్కన నిలబెట్టి నేర్పించారు. తిరిగొచ్చాక ప్రతివాడి చేతికీ ఒక తాడు అందేలా పెట్టారు. తప్పు కనిపిస్తే తాడు లాగాలి. జట్టు నాయకుడు పరిగెత్తుకొస్తాడు, లోపం తేలకపోతే లైను ఆగుతుంది. పాత జీఎంలో లైను ఆపడమంటే మహాపాపం. ఇక్కడ తప్పు దాచి ముందుకి తొయ్యడమే పాపం.

1984 చివర్లో మొదటి కారు బయటికొచ్చింది. కొద్దికాలంలోనే గైర్హాజరు నామమాత్రమైంది, కార్ల నాణ్యత జపాను కార్ల సరసన నిలిచింది. ఊరు అదే, మనుషులూ చాలావరకు వాళ్ళే. 'పనికిరానివాళ్ళు' అని ముద్ర వేయించుకున్నవాళ్ళ చేతుల మీదుగానే ఇదంతా జరిగింది. (మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో గోడకి రంగు చీటీలు అంటించి కాన్బాన్ అంటామే, ఆ మాట కూడా టొయోటా కార్ఖానాదే.)

అక్కడ తయారైన కారు మొదట చెవర్లే నోవా పేరుతో వచ్చింది, 1989 నుంచి జియో ప్రిజ్మ్ అయింది, జియో పేరు ఎత్తేశాక 1998 నుంచి 2002 దాకా చెవర్లే ప్రిజ్మ్‌గా వచ్చింది. పక్కనే కరోలా. ముందు దీపాలు, వెనక ఆకారం, లోపల కొన్ని హంగులు వేరు. ఎముకలూ గుండెకాయా ఒకటే. అయినా జనం కరోలాకే ఎగబడ్డారు, ప్రిజ్మ్ ధర పాతబడేకొద్దీ ఇంకా పడిపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. ఇక్కడ ఊరు గొప్పదే, పేరే దిబ్బ!

పాత కార్ల బజారు మీద 1970లో జార్జి ఆకర్లాఫ్ ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పికొట్టాక అచ్చయింది, 2001లో ఆయనకి నోబెల్ బహుమతి రావడానికి కారణాల్లో అది ముఖ్యమైనది. కారులో ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు అన్నిటికీ సగటు ధరే ఇస్తానంటాడు. మంచి కారున్నవాడు ఆ ధరకి అమ్మడు. చివరికి బజారులో డొక్కులే మిగులుతాయి. లోపల ఏముందో తెలియనప్పుడు మనం చూసేది పేరు. పేరుకి మనం ఎక్కువ డబ్బిచ్చేది అందుకే, అదేమీ తెలివితక్కువ కాదు. కానీ కాస్త తెలుసుకునే ఓపిక ఉన్నవాడికి ఆ తేడా మిగులుతుంది. నాకు మిగిలింది దాదాపు రెండు వేల డాలర్లు, అంటే మాకప్పట్లో రెండు నెలల అద్దె.

ఇది చదువుతున్నప్పుడే ఇంకో సంగతి గుచ్చుకుంది. అప్పుడు నా పక్క క్యూబులో ఒకాయన ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే ఇంజనీరింగు కాలేజీ, ఒకే బ్యాచ్, చేసే పనీ ఒకటే. ఆయన మెడలో పెద్ద కన్సల్టింగు కంపెనీ బిళ్ళ, నా మెడలో ఎవరూ వినని చిన్న కంపెనీది. క్లయింటు ఆయనకి కట్టే రేటు నాకు కట్టేదానికి రెట్టింపు. నన్ను ప్రిజ్మ్‌లా చూస్తున్నారని ఏడాదిగా కుమిలిపోతున్న నేనే, హుడ్ ఎత్తకముందే ప్రిజ్మ్‌ని చీదరించుకున్నాను!

సరే, వేదాంతం చాలు, కారు సంగతి చూద్దాం. పెద్దాయన నేర్పినవే ఇవి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళి మొదటిసారి నువ్వే స్టార్ట్ చెయ్యి. ముందే వేడిచేసి ఉంచారంటే అనుమానించు. నూనె పుల్ల తీసి చూడు. టైటిల్ కాగితం మీద సాల్వేజ్ అన్న మాట ఉందేమో చదువు. కాలిఫోర్నియాలో అయితే పొగ పరీక్ష కాగితం ఇవ్వాల్సింది అమ్మేవాడే. 17 అక్షరాల విన్ నంబరులో పదకొండోది కార్ఖానా గుర్తు, కరోలా మీదైనా ప్రిజ్మ్ మీదైనా అక్కడ జెడ్ ఉంటే అది ఫ్రీమాంట్‌లో పుట్టింది. టైమింగు బెల్టు ఎప్పుడు మార్చారో రశీదు అడుగు. 1.6 లీటర్ల ఆ పాత ఇంజనులో బెల్టు తెగితే దారిలో ఆగిపోతావు గానీ ఇంజను పాడవదు. 1998 నుంచి కొన్నేళ్ళపాటు వచ్చిన కొత్త ఇంజను నూనె తాగడంలో పేరు మోసింది, అదీ రెండు కార్లలోనూ. కవలలకి జబ్బులు కూడా ఒకటే మరి.

మా ఆవిడ ఆ కారులోనే డ్రైవింగు పరీక్ష పాసైంది, లైబ్రరీకి వెళ్ళింది, కమ్యూనిటీ కాలేజీలో చేరింది. నేను ఊళ్ళో లేనప్పుడు ఒక అర్ధరాత్రి, నూట మూడు జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఒక్కతే అందులో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. స్నేహితుల ఇళ్ళకి వెళ్ళేటప్పుడు మాత్రం చాలాకాలం నేను కామ్రీయే తీసేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

2009లో జీఎం దివాలా తీసి నూమీ నుంచి తప్పుకుంది. అక్కడ చేసే పోంటియాక్ వైబ్ కూడా దాంతో ఆగిపోయింది. ఒంటరిగా నడపలేనంది టొయోటా. 2010 ఏప్రిల్ 1న చివరి కారు, ఒక కరోలా, లైను దిగింది. పాతికేళ్ళలో దాదాపు 80 లక్షల వాహనాలు చేసిన చోట 4,700 మంది ఇంటికి వెళ్ళారు. ప్రపంచానికి పాఠం చెప్పిన పనితనం కూడా వాళ్ళ ఉద్యోగాల్ని కాపాడలేకపోయింది. మరుసటి నెలలో టెస్లా ఆ కార్ఖానాని 4.2 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు అక్కడ కొత్త బోర్డు ఉంది. మన తెలుగువాళ్ళలో కూడా ఎందరో ఆ పేరు చూసే కొంటున్నారు.

మా ప్రిజ్మ్‌ని 2012లో అమ్మేశాం, లక్షా ఎనభై వేల మైళ్ళ మీద. కొనడానికి వచ్చింది ఎమ్మెస్ చదువుతున్న ఒక తెలుగు కుర్రాడు. చుట్టూ తిరిగి చూసి, మొహమాటంగా, "జియో అంటే ఎవరి కంపెనీ ఆంటీ? నమ్మొచ్చా?" అన్నాడు. నేను చరిత్ర మొదలుపెట్టబోయాను. మా ఆవిడ నన్ను చేత్తో పక్కకి జరిపి, "ముందు ఇది చూడు బాబూ" అని హుడ్ ఎత్తింది.