అనీసుర్ రహ్మాన్ నీటి లెక్క

మందుల పరిశోధనలో ప్రోటీన్ల కదలికలను కంప్యూటర్‌లో చూడటం ఇవాళ మామూలే. ఈ పద్ధతి చరిత్రను చాలామంది 2013 నాటి రసాయనశాస్త్ర నోబెల్‌తో మొదలుపెడతారు. 1927లో హైదరాబాదులో పుట్టిన అనీసుర్ రహ్మాన్‌తో మొదలుపెట్టడం న్యాయమని నా అభిప్రాయం.

కేంబ్రిడ్జిలో చదివి, బెల్జియంలోని లూవాన్‌లో డాక్టరేటు పొందిన రహ్మాన్ కొంతకాలం ఉస్మానియాలో భౌతికశాస్త్రం బోధించారు. 1960లో అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ లేబొరేటరీకి వెళ్లారు. అప్పటికే ఆల్డర్, వెయిన్‌రైట్ అనే శాస్త్రవేత్తలు పరమాణువులను గోలీల్లా ఢీకొట్టించి లెక్కలు చేశారు. అసలు పరమాణువులు అంత మొరటువి కావు. దూరాన్నిబట్టి లాక్కుంటాయి, నెట్టుకుంటాయి. 1964లో రహ్మాన్ ఆ బలాలతోనే ద్రవ ఆర్గాన్‌లోని 864 పరమాణువులను నడిపించారు. సెకనులో కోటి కోట్లవ వంతు చొప్పున కాలాన్ని జరుపుతూ, ప్రతి అడుగులోనూ న్యూటన్ సూత్రంతో ఒక్కో పరమాణువు స్థానాన్ని మళ్లీ గణించాలి. పరమాణువులున్న ఊహా పెట్టెకు గోడలుంటే లెక్క చెడుతుంది గనుక, ఎడమవైపు దాటిపోయిన పరమాణువును కుడివైపు నుంచి అదే వేగంతో లోపలికి రానిచ్చారు. పరమాణువులు ద్రవంలో చెదిరే వేగం ప్రయోగాల్లో కొలిచినదానికి దగ్గరగానే వచ్చింది.

జీవశాస్త్రానికి దారి పడింది మాత్రం నీటితోనే. రహ్మాన్, బెల్ ల్యాబ్స్‌కు చెందిన స్టిలింజర్ 1971లో లెక్కించింది 216 నీటి అణువులను. ఉష్ణోగ్రత 34.3 డిగ్రీలు, అంటే ఇంచుమించు మన ఒంటి వేడి. నీటి అణువు ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి గనుక ఇది ఆర్గాన్ కంటే చాలా కష్టమైన పని.

1977లో మెకామన్, గెలిన్, కార్‌ప్లస్ అనే పరిశోధకులు పశువుల క్లోమంలో దొరికే, 58 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ కదలికను పది పికోసెకన్ల లోపు కాలానికి గణించారు. అది గొప్ప అడుగే, కానీ ఆ లెక్కలో చుట్టూ నీళ్లు లేవు. ఒంట్లో ప్రోటీన్ అలా పొడిగా ఎక్కడుంటుంది? 1979లో రోస్కీ, కార్‌ప్లస్‌లతో కలిసి రహ్మాన్ ప్రోటీన్ ముక్కలాంటి డైపెప్టైడ్‌ను నీటిలో ఉంచి చూసే నమూనా ప్రచురించారు.

2013 నోబెల్ కార్‌ప్లస్, లెవిట్, వార్షెల్‌లకు వచ్చింది. రహ్మాన్ 1987లోనే కన్నుమూశారు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఆయన పేరిట బహుమతి ఇస్తోంది, కానీ మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించడం అరుదు. ఆయన నీటి లెక్క మాత్రం మందుల పరిశోధనలో కొనసాగుతోంది. మందు అణువు ప్రోటీన్ గుంతలో కుదురుకోవాలంటే అక్కడున్న నీటి అణువులు తప్పుకోవాలి. ఆ తప్పుకోవడంలో శక్తి లాభమా నష్టమా అన్నది తేల్చడానికి పరిశోధకులు ఇప్పటికీ ఒక్కో నీటి అణువునూ అడుగడుగునా నడిపించి చూస్తున్నారు.