మూసీ వరద తర్వాత జనం ఎటు వెళ్లారు?

మన బీదర్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది. కానీ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందుకే 1908 మూసీ వరద మన చరిత్ర కూడా.

అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన. ఆ ఏడు సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ మీద పడింది. ఒడ్డునున్న బస్తీలు కొట్టుకుపోయాయి. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

వరద తర్వాత ప్రభుత్వం రెండు పనులు చేసింది. మొదటిది, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన జలాశయాలు కట్టడం. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. రెండోది, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తీసేసి వేరేచోట ఇళ్లు కట్టించడం.

మరి నష్టం శాశ్వతంగా తగ్గిందా? ఒక లెక్క చూద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు మాత్రమే. ఒడ్డున 100 ఇళ్లున్నాయి. వరదొస్తే ఇంటికి 20 వేల రూపాయల నష్టం. మొత్తం 20 లక్షలు. 60 కుటుంబాలు దూరంగా వెళ్లిపోతే తర్వాతి వరదలో నష్టం 8 లక్షలే. కానీ ఖాళీ అయిన చోటుకి కొత్తగా 100 కుటుంబాలు వస్తే? అప్పుడు 140 ఇళ్లు, 28 లక్షలు. నీళ్లు అన్నే వచ్చినా నష్టం మాత్రం పెరిగింది.

మూసీ దగ్గర ఇలాంటిదే జరిగింది. జలాశయాలున్నాయి కదా అని భయం పోయింది. నగరం పెరిగింది. పని కోసం పల్లెల నుంచి వచ్చిన పేదవాళ్లు కిరాయి తక్కువని నది పక్కనే ఉన్నారు. 2020 అక్టోబర్‌లో పెద్ద వాన పడి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు చాదర్‌ఘాట్, మూసానగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 1908తో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ. కానీ బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషన్లు తడిస్తే పేదవాడికి అది ఏళ్ల సంపాదన.

వాళ్లని తప్పు పట్టలేం. ఇల్లు దూరంగా ఇచ్చి, పని ఇక్కడే ఉంటే, రోజూ బస్సు కిరాయి ఎవరు పెట్టుకుంటారు? కొన్నాళ్లకి వెనక్కే వస్తారు. అందుకే ఇల్లు ఇచ్చేచోట పని, బడి, ఆసుపత్రి కూడా ఉండాలి. ఖాళీ చేసిన నేలని పార్కుగానో, ఆటస్థలంగానో ఉంచాలి. లేకపోతే ఒకరు పోయిన చోటుకి ఇంకొకరు వస్తారు.

మన జిల్లాలో మంజీరా ఉంది. ఎండాకాలంలో సన్నగా కనపడుతుంది కాబట్టి ఒడ్డు నేల మంచిదే అనిపిస్తుంది. ఇల్లు కట్టేముందు, వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లని అడగాలి. ఆ గుర్తు దాటి కట్టుకుంటే, ముందు రాబోయే నష్టం ఇప్పుడే తగ్గుతుంది.