ఇచ్చంపల్లి రాళ్లు, పడవ ఇంజన్లు

మన టేకుమట్ల మండలం అంచున పారే మానేరు గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు కాళేశ్వరం దాటి, ఇంద్రావతి కలిసే ఇచ్చంపల్లి వద్ద రాళ్ల మీద విరుచుకుపడుతుంది. నాగపూరు వైపు పత్తిని స్టీమర్లలో సముద్రానికి చేర్చాలని కాటన్ దొర పట్టుబట్టిన జలమార్గానికి అడ్డు నిలిచిన మూడు రాతి బారులలో ఇది రెండవది. మొదటిది దుమ్ముగూడెం.

అక్కడి చిక్కు ఇంజను బలం కాదు, నీటి లోతు. బాయిలరు, బొగ్గు బరువుకు పడవ కిందికి దిగుతుంది. ఎండాకాలం గోదావరిలో అంత నీరేదీ? దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు కట్టారు. ఈలోగా 1867లో రైలు నాగపూరు చేరింది. 1871లో పని మానుకున్నారు. ఖర్చు పద్దు చూసినవాడెవడైనా అదే రాసేవాడు.

పడవ వెనుక పలకకు బిగించే మోటారును ఓలే ఎవిన్‌రూడ్ అమెరికాలో 1909లో అమ్మకానికి తెచ్చాడు. పత్తి బేళ్ల బరువుకు అది చాలదు గానీ, రాయి ఎదురైతే పైకి ఎత్తుకోవచ్చు. స్టీమరుకు ఆ వెసులుబాటు లేదు. పాత పడవకు ఇలాంటిది కొనేవారు హార్స్‌పవరు కన్నా ముందు ఆ పలక ఎత్తు కొలవాలి. సుమారు 15 అంగుళాలైతే పొట్టి కాడ మోటారు, 20 అయితే పొడుగు కాడది. పంకా పైనుండే అడ్డరేకు పడవ అడుగుకు ఇంచుమించు సమంగా ఉండాలి. మరీ పైకుంటే పంకా గాలిని లాగి వృథాగా తిరుగుతుంది. మరీ కిందికుంటే వేగం తగ్గుతుంది, ఇచ్చంపల్లి వంటి చోట మొదటి రాయికే తగులుతుంది.