భిలాయి తెలుగు ఇళ్లలో పాత టేపులు, కొత్త ఫోన్లు: భిన్న రూపాల వీడియోలను ఒకే కూర్పులోకి తెచ్చే విధానం

భిలాయి ఉక్కు కర్మాగారం స్థాపనకు భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉపాధి కోసం ఉత్తరాంధ్ర ప్రాంతాల నుంచి అక్కడికి తరలివెళ్లిన కుటుంబాలలో ఇప్పుడు మనవల తరం నడుస్తోంది. సెక్టార్ క్వార్టర్లలో జరిగిన పెళ్లిళ్లు, ఉగాది వేడుకలు, పదవీ విరమణ సన్మానాలు వీడియో టేపుల మీదికి ఎక్కాయి. క్వార్టరు ఖాళీ చేసే రోజున అటక మీది పెట్టె దించితే వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, మినీ డీవీ టేపులు, గీతలు పడిన డీవీడీలు, మెమరీ కార్డులు ఒకేచోట కనిపిస్తాయి. వీటికి నేటి ఫోన్ వీడియోలను జోడించి కుటుంబ చరిత్రను కూర్చాలనుకునేవారికి చిక్కులు అక్కడి నుంచే మొదలవుతాయి.

ముందుగా యంత్రాల సంగతి చూడాలి. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థగా పేరున్న జపాన్‌కు చెందిన ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి నిలిపివేసింది. కనుక పనిచేసే వీసీఆర్ ఇంట్లో ఉంటే దానిని పాత సామాన్లవానికి అమ్మరాదు. మినీ డీవీ టేపులోని దృశ్యం అప్పటికే డిజిటల్ రూపంలో ఉంటుంది. ఫైర్‌వైర్ తీగ ద్వారా దానిని నాణ్యత తగ్గకుండా, ఉన్నది ఉన్నట్లుగా కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. గంట నిడివికి సుమారు 13 గిగాబైట్ల స్థలం పడుతుంది. అయితే 2025లో విడుదలైన మ్యాక్ ఓఎస్ 26లో ఆపిల్ సంస్థ ఫైర్‌వైర్‌కు మద్దతు తొలగించింది. ఈ పని కోసం పాత కంప్యూటర్‌ను, దానిలోని పాత వ్యవస్థను మార్చకుండా పక్కన ఉంచుకోవడమే క్షేమం. వానకాలపు తేమకు టేపు అంచున తెల్లని బూజు పట్టి ఉంటే దానిని వీసీఆర్‌లో పెట్టకూడదు. ఆ బూజు హెడ్లకు అంటుకుని తరువాత పెట్టే టేపులకూ పాకుతుంది.

దృశ్యాల లెక్క ఇంకా కీలకం. మన దేశంలో అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు ఉంటాయి. ఒక్కో చిత్రం సరి, బేసి గీతలుగా రెండు సగాలై వస్తుంది. అంటే సెకనుకు 50 సగాలు. నేటి తెరల మీద ఆ సగాలను కలిపి చూపితే చేయి ఊపినచోట దువ్వెన పళ్ల వంటి గీతలు కనిపిస్తాయి. వీటిని తొలగించే ప్రక్రియనే డీఇంటర్‌లేసింగ్ అంటారు. చాలామంది ఒక సగాన్ని పారవేసి 25 చిత్రాలతో సరిపెడతారు. 50 సగాలను 50 పూర్తి చిత్రాలుగా మార్చితే కోలాటం వంటి వేగపు కదలికలు సహజంగా నిలుస్తాయి. డీవీ దృశ్యాలలో కింది సగం ముందు వస్తుంది. హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీ కెమెరాలలో పై సగం ముందు. ఈ క్రమం తప్పుగా పేర్కొంటే నడిచే మనిషి ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్లు కనిపిస్తాడు.

అమెరికాలోని బంధువులు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. వాటిలో సెకనుకు 29.97 చిత్రాలు. దీనిని సాఫ్ట్‌వేర్‌లో 30గా పొరపాటున నమోదు చేస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. ఫోన్లతో మరో తంటా ఉంది. వెలుతురును బట్టి అవి చిత్రాల వేగాన్ని మార్చుకుంటూ పోతాయి. అటువంటి ఫైలును నేరుగా ఎడిటింగ్‌లోకి తెస్తే ధ్వని క్రమంగా జరిగిపోయి, తాళి ముడి పడకముందే మేళం మోగుతుంది. హ్యాండ్‌బ్రేక్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాధనాలతో ముందుగానే స్థిర వేగానికి మార్చుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది. ధ్వనిని కూడా అప్పుడే 48 కిలోహెర్ట్జ్‌కు తేవడం మంచిది.

ఎక్కువ భాగం టేపులదైతే కూర్పును 50 చిత్రాల వేగంతోనూ, ఫోన్ దృశ్యాలదైతే 30తోనూ ఆరంభించాలి. ఇక ముందు ఫోన్‌తో తీయబోయే దృశ్యాలకు వీలైతే 25 గాని 50 గాని ఎంచుకోవాలి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడం వల్ల, షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే ట్యూబులైట్ల కింద మినుకు కూడా తగ్గుతుంది.

పాత దృశ్యం 4:3 కొలతలది. తెర నిండాలన్న ఆశతో దానిని 16:9కు సాగదీయడం స్టూడియోలలో తరచుగా జరిగే తప్పు. సన్నని పెళ్లికూతురు బొద్దుగా మారుతుంది. ఇరువైపులా నల్లని ఖాళీ వదలడం వల్ల నష్టమేమీ లేదు. నిలువుగా తీసిన ఫోన్ వీడియోకు పక్కల మసక నేపథ్యం అతికించే అలవాటు కన్నా ఇదే హుందాగా ఉంటుంది. 2020 తరువాతి ఐఫోన్లు హెచ్‌డీఆర్‌లో చిత్రిస్తాయి. వాటిని సాధారణ రంగుల పరిధికి మార్చకుండా టేపుల పక్కన పెడితే తెల్లని పంచెలు వెలిసిపోయినట్లు కనబడతాయి.

హెచ్.264, హెచ్‌ఈవీసీ ఫైళ్లలో చాలా చిత్రాలు తమ ఇరుగుపొరుగు చిత్రాల మీద ఆధారపడి ఉంటాయి. చూడటానికి ఇబ్బంది లేదు గాని, కోసి అతికించేటప్పుడు మామూలు కంప్యూటర్ తడబడుతుంది. ప్రతి చిత్రాన్నీ విడిగా భద్రపరిచే ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ రూపాలలోకి మార్చుకుంటే పని సాఫీగా సాగుతుంది. అయితే 25 చిత్రాల ఫుల్ హెచ్‌డీలో ప్రోరెస్ 422 గంటకు దాదాపు 55 గిగాబైట్లు, 50 చిత్రాలకు దానికి రెట్టింపు కోరుతుంది. అంత డిస్కు లేనివారు ప్రాక్సీలనే చిన్న నకళ్లతో ఎడిటింగ్ ముగించి, చివరి ప్రతిని మాత్రం అసలు ఫైళ్ల నుంచి తీయవచ్చు. నకళ్ల ఫైలు పేర్లు అసలు పేర్లతో సరిపోలాలి, లేకుంటే చివరి దశలో ముడి విప్పడం కష్టం. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 గిగాబైట్లకు మించిన ఫైలును తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవాలి.

కూర్పు సిద్ధమయ్యాక టేపులు పారవేయడం తొందరపాటు అవుతుంది. టేపు నుంచి దించిన తొలి ఫైలును డీఇంటర్‌లేసింగ్ గాని, రంగుల దిద్దుబాటు గాని చేయకుండా విడిగా రెండు డిస్కులలో ఉంచాలి. ఒక డిస్కు భిలాయిలోనూ, రెండవది విశాఖలోనో విజయనగరంలోనో ఉన్న బంధువుల ఇంటిలోనూ ఉంటే మేలు.