కంచరగాడిదల బాటలో సైకిళ్ళు: పర్ల్ పాస్ చరిత్ర

కొలరాడో రాష్ట్రంలోని ఎల్క్ పర్వతశ్రేణిలో పర్ల్ పాస్ అనే కనుమ ఉంది. ఎత్తు 12,705 అడుగులు. చెట్లు చాలా కిందనే ఆగిపోతాయి. పైన మిగిలేవి పగిలిన రాళ్ళు, పొట్టి గడ్డి, వేసవి నడిమి దాకా కరగని మంచు. కనుమకు దక్షిణాన క్రెస్టెడ్ బ్యూట్, ఉత్తరాన ఆస్పెన్. సూటిగా కొలిస్తే ఈ రెండు ఊళ్ళ మధ్య పాతిక మైళ్ళైనా ఉండదు. కారులో వెళ్ళాలంటే మాత్రం కొండలను చుట్టి సుమారు వంద మైళ్ళు ప్రయాణించాలి.

కొండల్లో తొక్కే సైకిల్, అంటే మౌంటెన్ బైక్, ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు సాధారణంగా వినబడే జవాబు కాలిఫోర్నియా. వాహనం విషయంలో అది చాలా వరకు నిజమే. అయితే ఒక వాహన చరిత్ర దాని చట్రంతో, చక్రాలతో పూర్తికాదు. అది ఏ దారిన పోవచ్చు, ఏ దారిన పోరాదు, ఆ నిర్ణయం ఎవరిది అన్నవి కూడా ఆ చరిత్రలో భాగమే. ఈ ప్రశ్నలు ఎంత పాతవో, ఎంత చిక్కువడ్డవో చూడడానికి పర్ల్ పాస్ చక్కని ఉదాహరణ.

వెండి, బొగ్గు, గాడిదలు

ఈ కొండల్లో మొదటి బాటలు యూట్ జాతి ప్రజలవి. వేసవిలో వేటకోసం పైకి, చలికాలంలో దిగువ లోయలకు సాగిన రాకపోకల్లో ఆ దారులు ఏర్పడ్డాయి. 1879-80 ప్రాంతంలో వెండి గనుల ఆశతో జనం ఎల్క్ పర్వతాల మీదికి విరుచుకుపడ్డారు. గోథిక్, ఆష్‌క్రాఫ్ట్ వంటి ఊళ్ళు రాత్రికి రాత్రి వెలిశాయి. పశ్చిమ కొలరాడోలోని యూట్ ప్రజల్లో అత్యధికులను 1881లో ప్రభుత్వం యూటాకు తరిమివేసింది. సరిగ్గా అదే సంవత్సరం డెన్వర్ అండ్ రియో గ్రాండ్ కంపెనీ వారి చిన్నగేజి రైలు క్రెస్టెడ్ బ్యూట్‌కు చేరింది.

ఆస్పెన్ వైపు ఖనిజం ఉంది, రైలు లేదు. క్రెస్టెడ్ బ్యూట్‌లో రైలు ఉంది. మధ్యలో ఉన్నది కొండ. ఆ అవసరమే 1880ల తొలి సంవత్సరాల్లో పర్ల్ పాస్ మీదుగా దారి వేయించింది. కంచరగాడిదలు, గాడిదలు బారులు తీరి ఖనిజపు మూటలను ఇటు మోసుకువచ్చేవి. తిరుగుప్రయాణంలో పిండి, పనిముట్లు, మందుగుండు అటు మోసుకుపోయేవి. ఇంత కష్టపడి వేసిన దారికి ఆయువు తక్కువ. 1887లో రైలు మరో లోయ గుండా ఆస్పెన్‌కే వచ్చేసింది. కొండ దాటవలసిన అగత్యం తీరిపోయింది. 1893లో వెండి ధర కుప్పకూలడంతో చుట్టుపక్కల గని ఊళ్ళు చాలావరకు ఖాళీ అయ్యాయి.

క్రెస్టెడ్ బ్యూట్ మాత్రం నిలిచింది, వెండి వల్ల కాదు, బొగ్గు వల్ల. ఆ నిలకడకు ఊరు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1884 జనవరి 24న జోకర్‌విల్ గనిలో జరిగిన పేలుడులో 59 మంది చనిపోయారు. 1952లో అక్కడి పెద్ద గని మూతపడింది. కొన్నేళ్ళకు రైలు పట్టాలు కూడా ఊడదీశారు. 1960ల తొలినాళ్ళలో పక్క కొండమీద స్కీయింగ్ కేంద్రం తెరిచాక యువకులు కొందరు వచ్చి చౌకగా దొరికిన పాత ఇళ్ళలో కాపురం పెట్టారు. ఆ తరువాతి కథ వారిదే.

డొక్కు సైకిళ్ళు

1970లలో ఆ ఊరి వీధులు మట్టి వీధులు. గుంతలు, కంకర. అలాంటిచోట సన్నటి టైర్ల రేసు సైకిల్ పనికిరాదు. 1930ల నుంచి 50ల దాకా పిల్లలకోసం తయారైన బరువైన సైకిళ్ళు పాత సామాను కొట్లలో అగ్గువకు దొరికేవి. లావు టైర్లు, ఒకటే గేరు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు. వీటికి 'క్లంకర్' అని ముద్దుపేరు. తెలుగులో 'డొక్కు సైకిల్' అంటే సరిపోతుంది. మన పల్లెల్లో పాలక్యానులు, గడ్డిమోపులు మోసిన నల్లటి సైకిళ్ళను చూసినవారికి ఆ తరహా వాహనం కొత్త కాదు. అందానికీ వేగానికీ కాక మొండితనానికి పేరుపడ్డ బండి అది.

1976 వేసవిలో ఆస్పెన్ నుంచి కొందరు మోటారుసైకిళ్ళ మీద పర్ల్ పాస్ దాటి వచ్చి, ఊళ్ళోని గ్రబ్‌స్టేక్ అనే మద్యశాల ముందు బండ్లు నిలిపి గొప్పలు పోయారని స్థానిక కథనం. దానికి జవాబుగా ఆ సెప్టెంబరులో పదిహేను మంది దాకా డొక్కు సైకిళ్ళతో ఆస్పెన్‌కు బయలుదేరారు. వెంట సామానుకు ట్రక్కులు కూడా ఉన్నాయి. ప్రయాణం రెండు రోజులు, నడుమ ఒక రాత్రి కొండల్లో బస. గేర్లు లేని సైకిల్‌ను అంత ఎత్తుకు తొక్కడం ఎవరివల్లా కాదు కనుక ఎక్కినదానికంటే నెట్టినదే ఎక్కువ. క్రీడాచరిత్రలో నిలిచిపోతామన్న ఊహ వారికి లేదు. అది పౌరుషం కొద్దీ చేసిన అల్లరి యాత్ర.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో మరో బృందం ఇదే రకం సైకిళ్ళతో కొండదారిలో కిందికి పందాలు మొదలుపెట్టింది. 'రీప్యాక్' అని పేరుపడ్డ ఆ పందెం మొదటిసారి జరిగింది 1976 అక్టోబరు 21న. దిగేసరికి బ్రేకులోని గ్రీజు కాలి ఆవిరైపోయేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది. పేరుకు మూలం అదే. ఈ ఇబ్బందులే వారిని యంత్రం వైపు మళ్ళించాయి. వారు సైకిళ్ళకు గేర్లు అమర్చారు, మెరుగైన బ్రేకులు పెట్టారు. 1977లో జో బ్రీజ్ పాత చట్రాన్ని పూర్తిగా వదిలి ఇందుకోసమే కొత్త చట్రం తయారుచేశాడు.

పర్ల్ పాస్ యాత్ర సంగతి పత్రికల ద్వారా తెలిసి, 1978లో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, వెండీ క్రాగ్, మైకేల్ కాస్టెల్లీ మరిన్ నుంచి క్రెస్టెడ్ బ్యూట్ వచ్చారు. ఒక బృందం చేతిలో మెరుగైన యంత్రం ఉంది, మరొక బృందానికి కఠినమైన దారి తెలుసు. మొత్తం 13 మంది కనుమ దాటారు. మరుసటి ఏడే ఫిషర్, కెల్లీ సైకిళ్ళ వ్యాపారం ప్రారంభించారు. 1981లో వచ్చిన స్పెషలైజ్డ్ కంపెనీ వారి స్టంప్‌జంపర్‌తో ఈ సైకిల్ పెద్దయెత్తున అంగళ్ళకెక్కింది.

ఒక్క మాటపై తగవు

దేశమంతటా ఈ సైకిళ్ళు కనబడడం మొదలైన కొద్ది ఏళ్ళకే ఎత్తయిన కొండల్లో వాటికి తలుపులు మూసుకున్నాయి. కారణం 1964 నాటి వన్యసీమల చట్టం. హోవర్డ్ జానైజర్ ఎన్నో ఏళ్ళు శ్రమించి దానికి రూపం ఇచ్చాడు. 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసే నాటికి జానైజర్ జీవించి లేడు. రోడ్లు, మోటారు వాహనాలతో పాటు 'యాంత్రిక రవాణా' ఏ రూపంలోనైనా ఈ సీమల్లో కూడదని చట్టం చెప్పింది. యాంత్రిక రవాణా అంటే ఏమిటో మాత్రం విడమరచలేదు.

1966లో ఫారెస్ట్ సర్వీసు రాసిన నియమాలు ప్రాణం లేని శక్తితో నడిచేదే యాంత్రిక వాహనమని నిర్వచించాయి. ఆ లెక్కన మనిషి కాలిబలంతో నడిచే సైకిల్ అందులోకి రాదు. 1984లో అదే సంస్థ నియమాలు మార్చి సైకిల్‌ను స్పష్టంగా నిషేధించింది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మారినది దానికి చెప్పిన అర్థం.

ఇరుపక్షాల వాదనల్లోనూ బలం ఉంది. గుర్రాన్ని, లోహపు కట్లున్న స్కీలను అనుమతించి సైకిల్‌ను ఆపడం ఏం న్యాయమని సైకిలిస్టుల ప్రశ్న. చక్రమే దోషమైతే చక్రాల కుర్చీని కూడా ఆపాలి. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానికి స్పష్టంగా అనుమతి ఇచ్చింది. మరోవైపు, వన్యసీమ అంటే మనిషి తన వేగాన్ని విడిచిపెట్టి అడుగుపెట్టవలసిన చోటని పరిరక్షకుల వాదం. అరగంటలో దాటగలిగిన అడవి, రోజంతా నడిచినా తరగని అడవి ఒకటి కావు. వేగం పెరిగినకొద్దీ అడవి చిన్నదవుతుంది. నిషేధాన్ని సడలించాలని 2016, 2017లలో కాంగ్రెస్‌లో బిల్లులు వచ్చినా చట్టం కాలేదు.

నీరు, గిట్ట, చక్రం

తగవులో తరచు వినబడే మరో మాట, సైకిల్ బాటను పాడుచేస్తుందన్నది. 1994లో విల్సన్, సీనీ మొంటానా బాటలపై జరిపిన ప్రయోగాల్లో చక్రాలకంటే గుర్రపు గిట్టలు, మనుషుల పాదాలే మట్టిని ఎక్కువగా వదులు చేశాయని తేలింది. నిజానికి కొండబాటకు ప్రధాన శత్రువు నీరు. బాట నిట్టనిలువుగా దిగితే వాన కాలువ కట్టి దాన్ని కోసేస్తుంది. అందుకే బాట వేసేవారు కొండవాలులో సగానికి మించిన వాలు బాటకు ఉండరాదనే సూత్రం పాటిస్తారు. అంచును కొద్దిగా లోయవైపు వంచి, అక్కడక్కడ పల్లాలు తీసి నీటిని పక్కకు మళ్ళిస్తారు. పాత గని దారుల్లో ఈ జాగ్రత్త తక్కువ. వాటిని వేసినవారికి కావలసింది ఖనిజం త్వరగా చేరడం మాత్రమే.

క్రెస్టెడ్ బ్యూట్‌లో 1983లో ఏర్పడిన సైకిల్ సంఘం ఇలాంటి బాటల మరమ్మతును తన ప్రధాన బాధ్యతల్లో ఒకటిగా పెట్టుకుంది. స్కోఫీల్డ్ కనుమ నుంచి పూలమైదానాల గుండా గోథిక్ వైపు దిగే '401' అక్కడి బాటల్లో పేరెన్నికగన్నది. ఒకప్పటి వెండి ఊరు గోథిక్‌లో 1928 నుంచి జీవశాస్త్ర పరిశోధనాలయం నడుస్తోంది. ఆ పూలు, మార్మాట్లు అక్కడ దశాబ్దాల పరిశోధనకు ఆధారం.

రెండు హద్దుల నడుమ

1980లో కొలరాడోలో వన్యసీమలను విస్తరించినప్పుడు పర్ల్ పాస్ దారికి ఒకవైపు మరూన్ బెల్స్-స్నోమాస్ సీమ, మరోవైపు కాలీజియట్ పీక్స్ సీమ వచ్చి నిలిచాయి. నడుమ ఆ పాత బండిబాట మాత్రం వన్యసీమలో చేరక మిగిలింది. క్రెస్టెడ్ బ్యూట్ నుంచి ఆస్పెన్‌కు నడిచేవారు వెళ్ళే వెస్ట్ మరూన్ కనుమ సుందరమైన సన్నటి కాలిబాట. అది వన్యసీమలో ఉంది కనుక సైకిల్‌కు ప్రవేశం లేదు. రాళ్ళు తేలిన పర్ల్ పాస్‌కు ప్రవేశం ఉంది, ఎందుకంటే అది ఏనాడో రోడ్డు అయిపోయింది.

నూరేళ్ళకు పైబడిన కాలం కిందట గనులకోసం కొండకు చేసిన గాయమే ఇవాళ సైకిల్‌కు దారి ఇస్తోంది. కొండను గాయపరచని యూట్ బాటలను మాత్రం ఆ ప్రజలకే లేకుండా చేశారు. కాలిబాటకు, బండిబాటకు ఉన్న తేడాను చట్టం గీతలు గీసి చెప్పగలదు. ఆ గీతల కింద ఎవరి అడుగులున్నాయో చెప్పవలసింది చరిత్రే.